పాత పంప్ షాట్‌గన్: గుర్తించడం, కాపాడుకోవడం, వెల కట్టడం ఎలా?

పాత పంప్ షాట్‌గన్ (ముందు చెక్కను వెనక్కీ ముందుకీ జరిపి తూటా ఎక్కించే తుపాకీ) చేతికి రాగానే జనం చేసే మొదటి పని దాన్ని మెరిపించడం. తుప్పు కనిపిస్తే ఎమెరీ పేపర్, చెక్క మాసి ఉంటే వార్నిష్, రంగు పోయి ఉంటే మళ్లీ బ్లూయింగ్, అంటే లోహానికి నల్లటి నీలి పూత. ఒక్క శని, ఆదివారాల్లో ఆ తుపాకీ విలువలో పెద్ద భాగం పోతుంది. పోయినది మళ్లీ రాదు. ఫ్యాక్టరీ వేసిన పూత అరవై శాతమే మిగిలినా సరే, అదే అసలు సొత్తు. ఈ వ్యాసంలో మిగతావన్నీ మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి.

నేను రాస్తున్నది అమెరికాలో దొరికే వించెస్టర్ కంపెనీ తుపాకుల గురించి, ముఖ్యంగా మోడల్ 1897 (క్లుప్తంగా 97), మోడల్ 12 గురించి. ఈ రెండూ తెలిస్తే మిగతా పాత పంప్ గన్నులు సగం తెలిసినట్టే.

ముందుగా చట్టం సంగతి. హెచ్1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్ కార్డ్ వచ్చినవాళ్లకు ఈ అడ్డు లేదు. రాష్ట్రాల నిబంధనలు మళ్లీ వేరు. "పాతదే కదా, గోడకు తగిలించుకుంటాం" అన్నది జవాబు కాదు. ఇండియాలో అయితే 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్స్ కావాలి, వారసత్వంగా వచ్చినదానికైనా అంతే.

మొదటి అంచె: ఖాళీ చేయడం

గొట్టాన్ని మనుషులు లేని వైపు తిప్పండి. వేలు ట్రిగ్గర్ గార్డ్ బయటే ఉండాలి. పంప్ వెనక్కి లాగి యాక్షన్ తెరిచి ఛాంబర్‌లోకి (తూటా కూర్చుని పేలే చోటు) చూడండి, వేలు పెట్టి తడమండి. తర్వాత మ్యాగజైన్ ట్యూబ్ (గొట్టం కింద తూటాలు నిలవ ఉండే ట్యూబ్) చూడండి. పంప్ గన్‌లో ఒక తూటా బయటకు రావడంతో పని అయిపోదు, ట్యూబ్‌లో ఇంకా ఉండవచ్చు, మధ్యలో ఇరుక్కుని ఉండవచ్చు. ట్యూబ్ లోపల తూటాలను నెట్టే ముక్క, అంటే ఫాలోయర్, కంటికి కనిపించేదాకా నమ్మకండి.

ఇంకో మాట. 97కు, 12కు ట్రిగ్గర్ డిస్‌కనెక్టర్ లేదు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని పంప్ మూస్తే, ఛాంబర్‌లో తూటా ఉంటే అది పేలుతుంది. పైగా 97కు బయట హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) ఉంటుంది. తూటా లోపల ఉండగా దాన్ని బొటనవేలితో మెల్లగా దించే ప్రయత్నం చేయకండి, జారితే అంతే సంగతులు.

రెండో అంచె: ఏ మోడలో తేల్చడం

ఇది తేలికే. వెనక హ్యామర్ బయటికి కనిపిస్తే మోడల్ 1897 అయ్యే అవకాశం ఎక్కువ. జాన్ బ్రౌనింగ్ డిజైన్. 1957 దాకా తయారైంది, పది లక్షలు దాటింది. హ్యామర్ కనిపించకుండా, రిసీవర్ (లోపలి యంత్రం ఉండే లోహపు పెట్టె) వెనక భాగం నున్నగా మూసి ఉంటే మోడల్ 12 అయి ఉండవచ్చు. దాన్ని రూపొందించింది టి.సి. జాన్సన్. 1912లో 20 గేజ్‌తో (గేజ్ అంటే గొట్టం వెడల్పు కొలత, అంకె పెరిగితే గొట్టం సన్నం) మోడల్ 1912 అనే పేరుతో మొదలైంది, కొన్నేళ్లకు పేరు మోడల్ 12గా మారింది. దాదాపు ఇరవై లక్షలు తయారయ్యాయి. మామూలు ఫీల్డ్ గన్నుకు ముందు చెక్క గుండ్రంగా, చుట్టూ గాట్లతో మొక్కజొన్న కంకిలా ఉంటుంది.

97ను చూసి 1893ను కొనేస్తారు కొందరు. మోడల్ 1893 బ్లాక్ పౌడర్ కోసం చేసినది, పైకి అచ్చం 97లాగే ఉంటుంది. దాన్ని ఇప్పటి తూటాలతో కాల్చకూడదు. గొట్టం మీద, పంప్‌తో పాటు కదిలే యాక్షన్ బార్ మీద ఉన్న రాతలు చదివాకే ఏదైనా తేల్చండి.

ఖాళీ షెల్ కింది నుంచే బయటికి పడుతుంటే అది ఇథాకా కంపెనీ మోడల్ 37 కావచ్చు. వించెస్టర్ పేరే ఉన్నా రిసీవర్‌కు అయస్కాంతం అంటుకోకపోతే అది అల్యూమినియం, మోడల్ 1200 కావచ్చు. 1964లో వించెస్టర్ ఖర్చు తగ్గించుకోవడానికి మోడల్ 12ను మామూలు ఉత్పత్తి నుంచి తీసేసి దాని స్థానంలో మోడల్ 1200ను తెచ్చింది. ఎందుకు తీసేసిందంటే, మోడల్ 12 రిసీవర్‌ను ఉక్కు ముద్దను ఫోర్జ్ చేసి, మిల్లింగ్ చేసి తీసేవాళ్లు. మిషన్ మీద అన్ని గంటల పని 1950లో వచ్చిన రెమింగ్టన్ 870 ధర ముందు నిలబడలేదు. 870 మంచి తుపాకీ కాదని నేననను. కానీ మోడల్ 12 పంప్‌ను ఒకసారి లాగి చూసినవాడికి ఆ నునుపు తేడా చెప్పక్కర్లేదు.

సీరియల్ నంబర్ రెండు చోట్ల చూడండి. విడదీసే రకం మోడల్ 12కు రిసీవర్ ముందు భాగం అడుగున ఒకటి, దాని పక్కనే గొట్టం వైపు భాగం మీద ఇంకొకటి ఉంటాయి. రెండూ కలవాలి. కలవకపోతే గొట్టం ఇంకో తుపాకీది. కాల్చడానికి పనికిరావచ్చు గానీ, పాత తుపాకులు సేకరించేవాడి దృష్టిలో అది వేరే వస్తువు. 1968 ముందు చాలా చవక షాట్‌గన్‌లకు అసలు నంబరే ఉండేది కాదు, అంతమాత్రాన అవి దొంగవి అనుకోకండి. నంబరు చెరిపేసినట్టు కనిపిస్తే మాత్రం వెంటనే పక్కన పెట్టేయండి.

మూడో అంచె: ఛాంబర్ పొడవు

పాత 16, 20 గేజ్ గన్నులతో ఇక్కడే ప్రమాదం. తొలినాటి 16 గేజ్ ఛాంబర్లు 2 9/16 అంగుళాలు, 20 గేజ్‌వి 2 1/2 అంగుళాలు. ఇప్పటి తూటాలు 2 3/4. అవి లోపలికి దూరతాయి, ఎందుకంటే మూతి మడిచి ఉంటుంది. పేలినప్పుడు ఆ మడత విచ్చుకుని గొట్టం సన్నబడే చోటికి వెళ్లి ఒత్తిడి పెంచుతుంది. పైకి ఏమీ తెలియదు. ఛాంబర్ గేజ్ తక్కువ ఖర్చు, కొనుక్కోండి. లేదా గన్‌స్మిత్‌కు చూపించండి. పొట్టి ఛాంబర్‌ను కోయించి పొడవు చేయించుకోవడం కొందరు మంచిదంటారు. నేను ఒప్పుకోను. పొట్టి తూటాలు ఇప్పటికీ దొరుకుతాయి, తుపాకీని మార్చడం కంటే తూటా మార్చడం సులభం.

బాతుల వేటకు అమెరికాలో 1991 నుంచి సీసం గుళ్లు నిషేధం. అందుకే స్టీల్ గుళ్లు వాడతారు. వాటిని పాత ఫుల్ చోక్ గొట్టాల్లో (మూతి దగ్గర బాగా సన్నబడేవి) వాడకండి, చోక్ ఉబ్బిపోవచ్చు.

నాలుగో అంచె: పూత అసలుదేనా?

ఇక్కడ నిదానించండి. విలువంతా ఇక్కడే తేలుతుంది. డబ్బు పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది పోగొట్టుకున్నది కూడా ఇక్కడే. గన్ షో హాల్లో ట్యూబ్‌లైట్ల కింద బ్లూ రంగును అంచనా వేయకండి. అన్నీ బాగానే కనిపిస్తాయి. అమ్మేవాడి అనుమతితో కిటికీ దగ్గరికో, తలుపు దగ్గరికో తీసుకెళ్లి, పగటి వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడండి.

మొదట అక్షరాలు. గొట్టం మీద వించెస్టర్ పేరు, న్యూ హేవెన్ అడ్రసు, పాతవాటి మీద నికెల్ స్టీల్ అనే రాత, ఓవల్ లోపల డబ్ల్యూ, పి అనే ప్రూఫ్ గుర్తు (కాల్చి పరీక్షించామని ఫ్యాక్టరీ వేసే ముద్ర) ఉంటాయి. మరీ తొలినాటి 97లను వదిలేస్తే, ఈ ప్రూఫ్ గుర్తు గొట్టం మీద, రిసీవర్ మీద రెండు చోట్లా ఉండాలి. భూతద్దం పెట్టి అక్షరాల అంచులు చూడండి. అసలు రాతకు అంచులు నిక్కచ్చిగా, లోతుగా ఉంటాయి. వేలికొన మెల్లగా తిప్పితే తగులుతాయి. బఫింగ్ చక్రం తగిలిన గొట్టం మీద అక్షరాలు ఒక పక్క లోతుగా, ఇంకో పక్క పలచగా ఉంటాయి, కొన్ని చోట్ల సగం చెరిగి ఉంటాయి. ఆ ఒక్క లక్షణం కనిపిస్తే చాలు, రీబ్లూ, అంటే పూత మళ్లీ వేశారని రాసుకోండి.

తర్వాత స్క్రూల చుట్టూ ఉన్న రంధ్రాలు. ఫ్యాక్టరీ లోహం స్క్రూ అంచు దాకా చదునుగా వస్తుంది. మెత్తటి బఫ్‌తో పాలిష్ చేస్తే రంధ్రం చుట్టూ గిన్నెలా పల్లం పడుతుంది. ఏటవాలు వెలుతురులో ఆ పల్లం చుట్టూ వెలుగు వంగి కనిపిస్తుంది. రిసీవర్ అంచులూ అంతే, పదునుగా ఉండాల్సిన చోట మొద్దుబారి ఉంటే ఎవరో చక్రం పెట్టారన్నమాటే.

అరుగుదల ఎక్కడ ఉందో కూడా చూడండి. నిజంగా వాడిన తుపాకీ రిసీవర్ అడుగున, బరువు ఆనేలా చేత్తో పట్టుకునే చోట, గొట్టం మూతి దగ్గర, పంప్ జారే మ్యాగజైన్ ట్యూబ్ మీద వెండి రంగుకు తిరుగుతుంది. చెక్క గీతలు పడి మాసిపోయి, లోహం మాత్రం నూరు శాతం నల్లగా ఉంటే ఆ రెండు వయసులూ కలవవు. అలాగే తుప్పు తిన్న గుంటల లోపల కూడా నల్లటి పూత ఉందంటే, గుంట ముందు పడింది, పూత తర్వాత వేశారు. ఇంతకంటే తిరుగులేని ఆధారం ఇంకోటి లేదు.

దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా ఒకటుంది. కొన్ని ఏళ్ల వించెస్టర్ రిసీవర్ల మీద అసలు బ్లూ పొరలుగా ఊడిపోయి బూడిద రంగు మచ్చలు తేలతాయి. చూడటానికి పాడైపోయినట్టు ఉంటుంది, కానీ అది అసలు పూతే. దాన్ని చూసి భయపడి వదిలేసేవాళ్లు ఉన్నారు. ఇంకా ఘోరం, "సరిచేయించి" అమ్మేవాళ్లూ ఉన్నారు.

చివరగా చెక్క. ఫ్యాక్టరీ స్టాక్ రిసీవర్ కలిసే చోట లోహం కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది. సాండ్ పేపర్ పట్టిన చెక్క లోహం కంటే కిందికి దిగిపోయి ఉంటుంది, వేలితో రాస్తే మెట్టు తగులుతుంది. స్టాక్ చివర రబ్బర్ ప్యాడ్ ఉంటే, దాన్ని బిగించడానికి చెక్క కోశారా అని కొలిచి చూడండి. గొట్టం చివర పాలీ చోక్ గానీ కట్స్ కాంపెన్సేటర్ గానీ (మూతికి బిగించే చోక్ పరికరాలు) ఉంటే, చాలావరకు ఆ గొట్టాన్ని కోసే బిగించారని అర్థం. ఒక కాలంలో అది గొప్ప ఫ్యాషన్, ఇప్పుడు ధరకు దెబ్బ.

ఈ నాలుగూ చూడకుండా "ఒరిజినల్ అంటున్నాడు" అని నమ్మి కొనకండి. అమ్మేవాడు అబద్ధం చెబుతున్నాడని కాదు, చాలాసార్లు అతనికీ తెలియదు. మీ సొంత తుపాకీ మీద కూడా ఇదే పరీక్ష చేయండి, ఇంట్లోవాళ్లు ఏం చెప్పినా సరే.

ఐదో అంచె: శుభ్రం చేయడం

తక్కువ చేయండి. గొట్టంలోకి సాల్వెంట్, ఇత్తడి బ్రష్, పొడి గుడ్డ. బయట లోహానికి పలచగా నూనె రాసి తుడిచేయండి. పైపై తుప్పుకు నూనెలో తడిపిన కంచు ఊలు మాత్రమే వాడండి, ఒత్తకుండా, ఒక చిన్న చోట మొదలుపెట్టి చూస్తూ పోవాలి. రసాయన తుప్పు రిమూవర్లు బ్లూను కూడా తినేస్తాయి, ఇంట్లోకే రానివ్వకండి.

విడదీసే మోడల్ 12ను రెండు ముక్కలు చేసి, కలిసే మరల మీద పాత జిడ్డు తీసి కొత్త గ్రీజు చుక్క పెట్టండి. అతుకు వదులైతే బిగించడానికి అక్కడ ఒక సర్దుబాటు రింగు ఉంటుంది, కాబట్టి ఊగుతోందని కంగారు పడి సగం ధరకు అమ్మేయకండి. అంతకు మించి లోపల విప్పవద్దు. 97 లోపలి భాగాలైతే అస్సలు వద్దు. స్క్రూడ్రైవర్ మొన స్క్రూ గాడిలో సరిగ్గా సరిపోకపోతే ఆ స్క్రూ ముట్టుకోకండి. చిట్లిన స్క్రూ తల కొనేవాడి కంట్లో వెంటనే పడుతుంది.

దాచేటప్పుడు గొట్టం మూతి కిందికి పెట్టండి. మూతి పైకి పెడితే నూనె ఏళ్ల తరబడి కిందికి కారి, స్టాక్ తల చెక్కలోకి ఇంకి నల్లబడి మెత్తబడుతుంది. ఎన్నో మంచి స్టాకులు ఇలాగే పగిలాయి. తోలు కేసులోగానీ ఫోమ్ కేసులోగానీ నెలల తరబడి పెట్టకండి, అవి తేమను పట్టి ఉంచుతాయి. చెమట చేతులతో తాకితే తుడిచాకే లోపల పెట్టండి.

ఆరో అంచె: వెల కట్టడం

అడిగే ధరలు చూసి వెల కట్టడం పెద్ద తప్పు. అలా అడిగిన తుపాకీలు ఏడాదైనా అమ్ముడుపోక అక్కడే ఉంటాయి. వేలంలో నిజంగా ముగిసిన ధరలే చూడండి. అది కూడా అదే గేజ్, అదే గొట్టం పొడవు, అదే చోక్, అదే స్థితి ఉన్నవాటివి.

మోడల్ 12లో 12 గేజ్, 30 అంగుళాల ఫుల్ చోక్ ఎక్కడ చూసినా ఉంటుంది, అందుకే చవక. 20 గేజ్‌కు ఎక్కువ పలుకుతుంది. 1934లో వచ్చిన 28 గేజ్ నిజంగా అరుదు, అందుకే గొట్టాలు మార్చి ఎక్కువగా నకిలీ చేసేదీ దాన్నే. పిజన్ గ్రేడ్ (వించెస్టర్ ఖరీదైన రకం) చెక్కడాలు ఉన్నవాటి విషయంలోనూ ఇదే జాగ్రత్త, ఆ చెక్కడం తర్వాత చేయించినదా అని అడగండి.

97లో మొదటి ప్రపంచ యుద్ధపు ట్రెంచ్ గన్ (కందకాల్లో సైనికులు వాడినది) ధర మామూలుదానికి చాలా రెట్లు. జర్మనీ 1918లో ఈ షాట్‌గన్‌ల మీద అధికారికంగా నిరసన తెలిపింది, దాంతో పేరు మోగింది. పేరుతోపాటు నకిలీలూ వచ్చాయి. మామూలు 97కు హీట్ షీల్డ్, బయొనెట్ అడాప్టర్ తగిలించి అమ్ముతారు. సైనిక గుర్తులు సరైన చోట, సరైన అచ్చుతో ఉన్నాయో లేదో ఆ రంగంలో అనుభవమున్నవాళ్లు చూడకుండా పైకం ఇవ్వకండి. వ్యోమింగ్‌లోని కోడీ మ్యూజియం పాత వించెస్టర్ ఫ్యాక్టరీ రికార్డుల నుంచి లెటర్ ఇస్తుంది. అన్ని మోడళ్లకూ, అన్ని నంబర్లకూ దొరకదు, కాబట్టి డబ్బు కట్టేముందు మీ నంబరు ఉందో లేదో కనుక్కోండి.

వెల తేలాక రెండు సీరియల్ నంబర్ల చోట్ల, ప్రూఫ్ గుర్తుల దగ్గర, స్టాక్ అతుకు దగ్గర పగటి వెలుతురులో ఫొటోలు తీసి పెట్టుకోండి. ఇంటి ఇన్సూరెన్స్‌కు తుపాకీలకు పరిమితి ఉంటుంది, ఈ ఫొటోలతో విడిగా కవర్ తీసుకోండి.