ఊగే తలుపులో మేకు దిగక…

విజయవాడలో మా దోమతెర తలుపు ఫ్రేము సడలింది. మేకు కొడితే తలుపు ఊగుతోందే తప్ప మేకు దిగట్లేదు. పెద్ద సుత్తి కొనమన్నారు కొట్టు ఆయన (అమ్మేవాళ్లు ఇంకేం చెప్తారు!). అరకిలో సుత్తి సెకనుకు 6 మీటర్ల వేగంతో తగిలితే 9 జౌళ్ల శక్తి ఉంటుంది. చెక్క వెనక్కి జరిగితే అందులో చాలావరకు చెక్కను ఊపడానికే పోతుంది. ఆటోనగర్‌లో పాత ఇనుప ఇరుసు ముక్క కొనితెచ్చి, దాన్ని చెక్క వెనక ఆనించి పట్టుకోమని బావమరిదికి చెప్పాను. అదే ద్రవ్యవేగం (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది) అందినా, బరువైన వస్తువు తక్కువ వేగంతో కదులుతుంది, తక్కువ గతిశక్తి (కదలిక వల్ల ఉండే శక్తి) తీసుకుంటుంది. మిగిలిన శక్తి మేకును లోపలికి దించుతుంది. దబ్‌మనే చప్పుడు కాస్తా టంగుమంది, మేకు తలదాకా దిగింది. ఇనుము మాత్రం చెక్కకు గట్టిగా ఆనాలి. సందుంటే మళ్లీ ఊపే.