మానిటర్ అలారం మోగినప్పుడు: ఐసీయూ నర్సులకు లక్షణం నుంచి పరిష్కారం దాకా

గుంటూరు, విజయవాడ ఆసుపత్రుల్లో కొత్తగా ఐసీయూ డ్యూటీలో చేరిన నర్సులను ఉద్దేశించి రాస్తున్న వివరాలివి. ఈసీజీ గీత, వేలి క్లిప్పు ఆక్సిజన్ తరంగం, ఆర్టీరియల్ లైన్ (ధమనిలో పెట్టిన సన్నని గొట్టం ద్వారా బీపీని నిరంతరం చూపే ఏర్పాటు) తరంగం మూడూ ఒకే మాట చెబుతున్నాయా అని చూడటం ప్రతి సందర్భంలోనూ తప్పనిసరి. అవి మూడు రకాలుగా చెబుతుంటే, రోగి నాడిని చేత్తో పట్టుకుని చూసిన తరువాతే ఏది నిజమో తేల్చుకోవాలి.

లక్షణం: ఆర్టీరియల్ లైన్‌లో బీపీ హఠాత్తుగా తగ్గింది

ముందుగా రోగి స్పృహ, చేతుల చల్లదనం, నాడి చూసి, కఫ్‌తో బీపీ తీయాలి. కఫ్‌లోనూ తక్కువే వస్తే అది నిజమైన పతనమే కాబట్టి వెంటనే డ్యూటీ డాక్టరును పిలవాలి. రోగి బాగానే ఉండి కఫ్ బీపీ మామూలుగా వస్తే, అనుమానించవలసింది ట్రాన్స్‌డ్యూసర్ (గొట్టంలోని ఒత్తిడిని మానిటర్‌కు అందించే పరికరం) ఎత్తును. అది నాలుగో పక్కటెముకల సందుకూ చంక మధ్య రేఖకూ కలిసే చోటికి సమానమైన ఎత్తులో ఉండాలి. పది సెంటీమీటర్లు పైకి జరిగితే బీపీ సుమారు 7.5 మిల్లీమీటర్లు తక్కువగా కనిపిస్తుంది, కిందికి జరిగితే అంతే ఎక్కువగా కనిపిస్తుంది. అంటే మీన్ ప్రెషర్ (సగటు బీపీ) నిజంగా 70 ఉన్న రోగికి, మంచం కిందికి దించినప్పుడు స్టాండుకు కట్టిన ట్రాన్స్‌డ్యూసర్ 15 సెంటీమీటర్లు పైన ఉండిపోతే, తెర మీద 59 వస్తుంది. 65 పైన ఉంచమన్న ఆదేశాన్ని బట్టి ఎవరైనా బీపీ పెంచే మందు నార్‌అడ్రినలిన్‌ను పెంచితే, అవసరం లేని మందు రోగి ఒంట్లోకి వెళ్తుంది. అందుచేత మంచం కదిలించిన ప్రతిసారీ ఎత్తు సరిచూసి, అవసరమైతే మళ్లీ జీరో చేయాలి (బయటి గాలి ఒత్తిడిని సున్నాగా సరిచేయాలి).

లక్షణం: తరంగం చదునుగా, మొద్దుబారినట్లు ఉంది

ఇలాంటప్పుడు సిస్టాలిక్ (పై బీపీ) తక్కువగానూ, డయాస్టాలిక్ (కింది బీపీ) ఎక్కువగానూ వస్తాయి, మీన్ మాత్రం చాలావరకు నమ్మదగినదే. గొట్టంలో గాలి బుడగ, క్యానులా కొనలో రక్తపు గడ్డ, మడిచిన మణికట్టు, లేదా ఒత్తిడి 300 మిల్లీమీటర్ల కంటే తగ్గిపోయిన ప్రెషర్ బ్యాగ్ (ఫ్లష్ ద్రవాన్ని నొక్కి ఉంచే సంచి) దీనికి కారణాలు. బ్యాగ్ నింపి, మణికట్టును చాపి ఉంచి, బుడగ కనిపిస్తే బయటికి తీసేయాలి. అయినా సరిపడకపోతే ముందు సిరంజితో మెల్లగా వెనక్కి లాగి చూడాలి. రక్తం రాకపోతే ఎట్టి పరిస్థితిలోనూ బలంగా ఫ్లష్ చేయరాదు, గడ్డ ధమనిలోకి పోయే ప్రమాదముంది. ఇందుకు భిన్నంగా తరంగం శిఖరం సూదిలా లేచి సిస్టాలిక్ మరీ ఎక్కువ చూపిస్తుంటే, గొట్టం అవసరానికి మించి పొడవుగా ఉందేమో చూడాలి.

లక్షణం: ఈసీజీలో సరళరేఖ

నాడి ఉంటే అది ఊడిన లీడే. మన ఎండాకాలంలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, చెమటకు ఎలక్ట్రోడ్లు జారిపోతుంటాయి. చర్మం తుడిచి, బాగా ఆరనిచ్చి, జెల్ ఎండని కొత్త ఎలక్ట్రోడ్ అంటించాలి. నాడి లేకపోతే సీపీఆర్ ఆలస్యం చేయరాదు.

లక్షణం: వెడల్పైన, వేగమైన తరంగాలు

రోగి మాట్లాడుతూ, మిగిలిన రెండు తరంగాలూ క్రమంగా సాగుతుంటే అది వణుకు వల్లో, ఫిజియోథెరపీ కదలిక వల్లో వచ్చిన గీత కావచ్చు. నాడి లేకపోతే నిమిషానికి 100 నుంచి 120 చొప్పున, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు ఛాతీ నొక్కుతూ డీఫిబ్రిలేటర్ తెప్పించాలి. నాడి ఉండి బీపీ పడిపోతున్నా, స్పృహ తగ్గుతున్నా డాక్టరు సింక్ షాక్ (గుండె లయకు సరిపడే క్షణంలో ఇచ్చే విద్యుత్ షాక్) ఇస్తారు. ప్రతి ఆర్ తరంగం (ఈసీజీలోని ఎత్తైన శిఖరం) మీదా సింక్ గుర్తు పడుతోందో లేదో నర్సు స్వయంగా చూసి చెప్పాలి, ఎందుకంటే టీ తరంగం (దాని తరువాత వచ్చే గుండ్రటి అల) మీద పడిన షాక్ వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ (గుండె కింది గదులు రక్తం పంపలేక వణకడం) తెచ్చిపెట్టగలదు. చాలా యంత్రాల్లో ఒక షాక్ తరువాత సింక్ ఆగిపోతుంది కనుక, రెండోసారి మళ్లీ నొక్కాలి.

లక్షణం: క్రమం తప్పిన నాడి

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు క్రమం లేకుండా వణకడం) అనుమానించి, స్టెతస్కోపుతో పూర్తి నిమిషం గుండె లెక్క, అదే సమయంలో మరొకరు మణికట్టు నాడి లెక్క చూడాలి. పొటాషియం, మెగ్నీషియం ఫలితాలు అడగాలి.

లక్షణం: నాడి మరీ నెమ్మదించింది

సాధారణంగా బీపీ తగ్గి, స్పృహ మందగిస్తే డాక్టరు ఆదేశంపై నాడి వేగం పెంచే అట్రోపిన్ 1 మిల్లీగ్రాము, మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి, మొత్తం 3 మిల్లీగ్రాముల వరకు ఇస్తారు. అయితే పత్తి, మిరప పండే ఈ ప్రాంతంలో పురుగుమందు తాగి వచ్చిన రోగి అయితే లెక్క వేరు. ఆర్గానోఫాస్ఫేట్ (ఒక రకం పురుగుమందు) విషంలో కంటిపాపలు చిన్నబోయి, నోటి నిండా చొంగ, ఊపిరితిత్తుల్లో గుడగుడ శబ్దం ఉంటాయి. అక్కడ ఆ 3 మిల్లీగ్రాముల పరిమితి వర్తించదు. ఛాతీ శబ్దం పొడిగా అయ్యేదాకా అట్రోపిన్ పెంచుతారే గాని, కంటిపాప పెద్దదైందని ఆపరు. బట్టలు తీసేసి, చేతి తొడుగులు వేసుకుని ఒళ్లు కడగడం కూడా చికిత్సలో భాగమే.

పచ్చగన్నేరు కాయ మింగిన వారిలో హార్ట్ బ్లాక్ (గుండె విద్యుత్ సంకేతం పై గదుల నుంచి కిందికి సరిగా చేరకపోవడం) రావచ్చు, పొటాషియం పెరగవచ్చు. రోగి కులాసాగా కనిపించినా నిరంతర మానిటరింగ్‌లో ఉంచి, పన్నెండు లీడ్ల ఈసీజీ తీసి, పేసింగ్ ప్యాడ్లు (ఛాతీ మీద అంటించి విద్యుత్తుతో గుండెను నడిపించేవి) మంచం పక్కనే సిద్ధం చేసుకోవాలి. డ్యూటీ మారేటప్పుడు అప్పటిదాకా ఇచ్చిన అట్రోపిన్ మొత్తాన్నీ, ఛాతీ శబ్దాన్నీ, చివరి పొటాషియం విలువనూ వచ్చే సిస్టర్‌కు మంచం దగ్గరే చెప్పి, చార్టులో రాయాలి.