పై అంతస్తు కిటికీ: ముందు ఎండను ఆపి, ఆ తర్వాత అలంకరించడం ఎలా?

హన్మకొండలో మేం రెండో అంతస్తుకు మారింది ఒక ఫిబ్రవరిలో. వచ్చిన వారానికే పడమటి కిటికీకి పల్చటి తెల్ల పరదాలు కట్టి మురిసిపోయాను. ఏప్రిల్ వచ్చేసరికి మధ్యాహ్నం మూడింటికి ఆ పరదా ముట్టుకుంటే అప్పుడే ఇస్త్రీ చేసినట్టుండేది. గదిలో కాసేపు కూర్చోలేకపోయేవాళ్లం. పై అంతస్తు కిటికీకి అలంకరణ చివరి పని అని అప్పుడు తెలిసొచ్చింది. అందుకే ఇక్కడ కూడా ఆ వరుసలోనే చెబుతున్నాను.

ఒక రోజంతా ఎండను చూడండి

సెలవు రోజున పొద్దున ఏడింటికి, పన్నెండింటికి, మూడింటికి, అయిదింటికి ప్రతి కిటికీ దగ్గరా ఎండ గదిలోకి ఎంత దూరం వస్తుందో చూసి, నేల మీద చాక్‌పీసుతో గీత గీయండి. ఎండాకాలం మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి దక్షిణపు కిటికీకి సజ్జ నీడ చాలు. తూర్పు, పడమరల్లో సూర్యుడు కిందికి దిగి నేరుగా చూస్తాడు, అక్కడ సజ్జ పనికిరాదు. ఉత్తరపు కిటికీ అన్నిటికన్నా మంచిది, రోజంతా నిలకడైన వెలుతురు ఇస్తుంది. పిల్లల చదువు బల్ల ఆ గదిలోనే, కిటికీకి కాస్త ఎడంగా వేయండి.

ఎండను అద్దం బయటే ఆపండి

ఈ ఒక్కటి చేస్తే సగం పని అయిపోయినట్టే. అద్దం దాటి వచ్చిన ఎండ పరదాను కాలుస్తుంది, ఆ వేడి గదిలోనే ఉండిపోతుంది. అదే ఎండ బయట తడక మీద పడితే ఆ వేడి గాలికి పోతుంది. కాబట్టి పడమటి కిటికీకి బయట వెదురు తడకో, వట్టివేళ్ల తడకో, కనీసం గ్రీన్ నెట్టో కట్టండి. కిటికీకీ దానికీ మధ్య జానెడు సందు ఉండాలి, గాలి ఆడడానికి. పైన కట్టి కింద వదిలేయకండి. మే నెల గాలిదుమారానికి తడక లేచి వీధిలో నడిచే వాళ్ల మీద పడుతుంది. నాలుగు మూలలా జీఐ తీగతో (జింకు పూత ఉన్న ఇనుప తీగ) బిగించండి.

వట్టివేళ్ల తడకైతే మధ్యాహ్నం దాటాక ఒకసారి తడపండి. ఆ వాసనకు మా అత్తమ్మ కుర్చీ అక్కడికే జరుపుకుంటుంది. కింది వాళ్ల బట్టల మీద నీళ్లు కారకుండా మాత్రం చూసుకోవాలి.

బయట గాలి లోపలి కన్నా వేడిగా ఉన్నంతసేపు కిటికీలు మూసే ఉంచండి. రాత్రి తొమ్మిది దాటాక ఎదురెదురు కిటికీలు రెండూ తెరిచి, తెల్లారి ఏడింటికి మళ్లీ మూయండి. ఒక్కటే తెరిస్తే గాలి రాదు, వచ్చిన గాలికి పోయే దారి కావాలి.

కూలర్ పెడుతున్నారా?

కూలర్‌ను కిటికీ గ్రిల్‌కు వేలాడదీయకండి. యాభై లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ల బరువే యాభై కిలోలు, దాని మీద పెట్టె బరువు. గోడకు బోల్టులు దింపిన ఇనుప స్టాండ్ చేయించండి. కూలర్ నడిచేటప్పుడు గదికి అవతలి పక్క కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి, లేదంటే చల్లదనం పోయి ఉక్కపోతే మిగులుతుంది. వారానికోసారి ట్యాంకు మొత్తం ఖాళీ చేసి గోడలు రుద్ది కడగండి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా వారం, పది రోజులే పడుతుంది. పూలకుండీల కింది పళ్లేలకూ ఇదే లెక్క.

గ్రిల్, జాలి, కోతులు

మన దగ్గర కోతులను మరిచి కిటికీ గురించి మాట్లాడలేం. నేను వేయించిన నైలాన్ దోమజాలిని ఒక్క పూటలో చింపి, వంటగదిలో టమాటాల బుట్ట ఎత్తుకుపోయాయి. స్టీల్ జాలి వేయించండి. ఖర్చు ఎక్కువైనా మళ్లీ మళ్లీ మార్చే పని ఉండదు.

చిన్నపిల్లలున్న ఇంట్లో చువ్వల మధ్య సందు నాలుగు అంగుళాలు దాటకూడదు. చువ్వలు నిలువుగా ఉంటేనే మేలు, అడ్డ చువ్వలు పిల్లలకు నిచ్చెన మెట్లవుతాయి. మంచం, బల్ల కిటికీ పక్కన వేయకండి. ఒక కిటికీకైనా తాళం వేసే గ్రిల్ తలుపు పెట్టించండి, నిప్పు అంటుకుంటే బయటపడే దారి అదే. తాళంచెవి పిల్లలకు అందని ఎత్తులో, పెద్దలందరికీ తెలిసిన చోట ఉండాలి.

గ్రిల్ అనగానే అందం పోతుందని బాధపడకండి. రామప్ప గుడిలో గర్భగుడి ముందరి వాకిలికి రెండు పక్కలా ఉన్న రాతి జాలి చూశారా? అదీ అడ్డుగా కట్టిందే. వెలుతురు ఆ సందుల్లోంచి దిగుతుంటే చూపు తిప్పుకోలేం.

ఇక అలంకరణ

వీధిలోకి దిగి మీ కిటికీని ఒకసారి కిందినుంచి చూడండి. గదిలో నేల, మంచం ఏవీ కనబడవు. పరదా పై భాగం, ఇంటి కప్పు, వేలాడే దీపం, ఇవే కనిపిస్తాయి. కాబట్టి బయటికి అందం కావాలంటే కిటికీ పైసగం మీద పెట్టండి దృష్టి.

పరదా కడ్డీని చౌకట్టుకు ఆరంగుళాలు పైన, రెండు పక్కలా ఆరేసి అంగుళాలు ఎక్కువగా బిగించండి. నాలుగడుగుల కిటికీకి కడ్డీ అయిదడుగులు వస్తుంది. గుడ్డ దానికి రెట్టింపు, అంటే పది అడుగుల వెడల్పు ఉంటే కుచ్చులు నిండుగా పడతాయి. చేనేత నూలు గుడ్డను కుట్టించే ముందే ఒకసారి ఉతికి ఆరేయండి, తర్వాత కురచ కాదు. ఎండ తగిలే వైపు తెల్ల లైనింగు వేస్తే రంగు వెలవదు.

వరంగల్‌లోని కొత్తవాడ జంపఖానా పరదాగా బరువెక్కువ. కిటికీ కింద అరుగుంటే దాని మీద పరవండి. ఆ వంకీల రంగుల మీద పొద్దుటి వెలుతురు పడితే గదికి వేరే బొమ్మలు అక్కర్లేదు. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేసిన వాళ్ల దగ్గరే కొంటే గుర్తింపు ఫలితం వాళ్లకే చేరుతుంది.

మొక్కల్లో, పడమటికి కలబంద, బిళ్లగన్నేరు తట్టుకుంటాయి. ఉత్తరానికి మనీప్లాంటు, తూర్పుకు తులసి. కుండీలు గ్రిల్‌కు లోపలే ఉండాలి. సజ్జ మీద ఎంత చిన్న కుండీ అయినా పెట్టొద్దు. పండ్ల మొక్క పెడితే కోతిని పిలిచినట్టే.

తొలకరికి ముందు

జరిపే కిటికీలుంటే వాటి పట్టాలో దుమ్మును పాత టూత్‌బ్రష్‌తో తీయండి. బయటివైపు నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి, పుల్లతో పొడిచి చూడండి. అవి మూసుకుపోతే మొదటి వానకే నీళ్లు లోపలి గోడ మీదకు దిగుతాయి. అద్దాలు ఎండ రాకముందే తుడవండి, ఎండలో చారలు పడతాయి. చేయి అందని చోటుకు పొడుగు కర్ర వైపర్ కొనండి. సజ్జ మీదకు మాత్రం ఎవరూ దిగొద్దు, పనివాళ్లను కూడా దింపొద్దు.