అంతర్జాతీయ వర్క్‌షాపుకి వచ్చిన అతిథులకి స్వాగతం పలకడం ఎలా? (పునాదుల ఇంజినీర్లయితే మరీ జాగ్రత్త)

పైల్ (నేలలోకి దించే పునాది స్తంభం) ఎంత లోతుకి దించాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనుషులు, వేదికెక్కి ఎదురుగా ఉన్న అతిథి పేరు చదవలేక "డాక్టర్... ఎన్... ఎన్‌గు..." అని నీళ్లు నమలడం చాలాసార్లు చూశాను. రెండు మూడుసార్లు ఆ నమిలింది నేనే. సివిల్ డిపార్ట్‌మెంటులో ఉన్న పాపానికి ఇరవై ఏళ్లుగా విశాఖలో ఏ ఫౌండేషన్ ఇంజినీరింగ్ సభ జరిగినా స్వాగతం పని నా మెడకే చుట్టుకుంటోంది. ఏది ఎలా చేస్తే గొడవ లేకుండా జరుగుతుందో రాస్తున్నాను.

తేదీ, సామాను

అక్టోబరు, నవంబరు వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీదే తీరం దాటింది. అది చూసినవాళ్లెవరూ ఆ నెలల్లో విదేశీ అతిథుల్ని పిలవరు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎప్పుడైనా పెట్టుకోండి.

సామాను: బ్యాడ్జీలు, వాటి తాళ్లు, లావు మార్కర్లు, రెండు కత్తెరలు, ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సు, మంచినీళ్లు, పెన్సిళ్లు, వంద తెల్ల కార్డులు. బ్యాడ్జి మీద పేరు పెద్దగా, సంస్థ పేరు చిన్నగా ఉండాలి. వర్క్‌షాపు లోగో సగం బ్యాడ్జిని మింగేస్తే మళ్లీ ప్రింట్ చేయించండి. బ్యాడ్జికి రెండు వైపులా పేరు వేయించండి. ఒక వైపే వేస్తే అది సరిగ్గా అవసరమైనప్పుడు తిరగబడి ఉంటుంది.

విమానాశ్రయం

ఎక్కువమంది హైదరాబాదులోనో, ఢిల్లీలోనో విమానం మారి వస్తారు. అలసిపోయి ఉంటారు. బొకే ఇవ్వకండి. ఒక చేతిలో బ్యాగు, ఇంకో చేతిలో ఫోను ఉన్న మనిషి దాన్ని ఎక్కడ పెట్టుకోవాలి? శాలువా అసలే వద్దు. మన ఉక్కపోతలో కప్పించుకునేవాళ్ల మొహాలు ఒకసారి చూడండి, మీకే తెలుస్తుంది. చల్లటి నీళ్ల సీసా, కారు, డ్రైవరు ఫోన్ నంబరు రాసిన చీటీ చాలు. ప్లకార్డు చేత్తో రాసిందే ఉండాలి. ప్రింటు చేసినవి చూస్తే ట్రావెల్స్ వాళ్లవనుకుని పక్కనుంచి వెళ్లిపోతారు.

రిజిస్ట్రేషన్ టేబుల్

అక్షర క్రమంలో మూడు టేబుళ్లు పెట్టండి. ఫస్టియర్ పిల్లల్ని కాకుండా పీజీ వాళ్లని కూర్చోబెట్టండి. కాఫీ ఆ టేబుల్ పక్కనే ఉండాలి. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

పేర్లు

ఇక్కడ మాత్రం నిదానంగా చదవండి. సభ చెడేది ఇక్కడే.

మొదటి చిక్కు వరస. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, అసలు పేరు తర్వాత వస్తుంది. చైనా, కొరియా, వియత్నాం, హంగరీ వాళ్లకీ అంతే. ఈ సంగతి తెలుగువాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ ఇంగ్లీషు ఫారాలు నింపీ నింపీ వాళ్లలో కొందరు తమ పేరుని ముందే తిరగేసి రాస్తారు, కొందరు రాయరు. పాస్‌పోర్టులో ఒకలా, ఫారంలో ఒకలా ఉంటుంది. వియత్నాం వాళ్లని ఇంటిపేరుతో పిలవరు. 'డాక్టర్' తర్వాత రావాల్సింది వాళ్ల చివరి పేరు. ఇండోనేషియా నుంచి వచ్చినవాళ్లకి ఒక్కోసారి ఇంటిపేరే ఉండదు. మనవాళ్లకీ విదేశాల్లో ఇదే అవస్థ: 'లాస్ట్ నేమ్' గడిలో ఏం రాయాలో తెలియక ఇనీషియల్ పడేసి, తర్వాత మూడు రోజులూ 'డాక్టర్ వి' అనిపించుకుని తిరిగొచ్చిన సహోద్యోగి నాకున్నారు.

కాబట్టి ఊహించకండి. ఆహ్వానం పంపేటప్పుడే ఒక ప్రశ్న అడగండి: "వేదిక మీద మిమ్మల్ని ఏమని పిలవాలి?" సర్ అనాలా మేడమ్ అనాలా కూడా అందులోనే తేల్చుకోండి. నేను ఒకసారి అడగలేదు. పేరు చూసి మగవారనుకుని "సర్, దయచేసి వేదిక మీదకి రండి" అన్నాను. మూడో వరుసలోంచి లేచింది ఒక పెద్దావిడ. మన సభ అని గౌరవంగా ఆ ముందురోజే కొనుక్కున్న చీర కట్టుకుని, కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని వచ్చింది. ఆవిడ నవ్వేసింది కానీ నాకు ఆ రోజు మధ్యాహ్నం భోజనం దిగలేదు.

రెండో చిక్కు ఉచ్చారణ. ఈవెంట్ మేనేజ్‌మెంట్ కుర్రాళ్లు ఫోన్‌లో యాప్ పెట్టి వినిపిస్తారు. ఆ యంత్రం మన ఊరినే "విశాకపట్‌నామ్" అంటుంది, హంగరీ వాళ్ల పేరు దాన్నడిగి ఏం లాభం? ఇంగ్లీషు అక్షరాల్లో విడగొట్టి రాసుకునే పద్ధతి ఇంకా దండగ. నా పద్ధతి ఒక్కటే: పేరుని తెలుగు లిపిలో రాసుకోండి. మన లిపి విన్నది విన్నట్టు పట్టుకుంటుంది. వాఙ్మయం అనే మాటలో తప్ప ఎక్కడా కనపడని ఙ ఉంది చూశారూ, అది ఇన్నాళ్లకి నాకు పనికొచ్చింది. వియత్నాంలో అడుగడుగునా ఉండే ఆ ఇంటిపేరు 'ఎన్‌గుయెన్' కాదు, 'ఙ్వియెన్'కి దగ్గరగా ఉంటుంది. ఇంగ్లీషు వాడికి ఆ అక్షరం మాట మొదట్లో పలకదు, మనం ప్రయత్నిస్తే పలుకుతుంది.

అలాగే మన 'చాప'లో ఉన్న చ. 1925లో జర్మన్‌లో పుస్తకం రాసి, మట్టి బలాబలాల చదువైన సాయిల్ మెకానిక్స్‌ని శాస్త్రంగా నిలబెట్టిన పెద్దాయన్ని మన క్లాసుల్లో 'టెర్జాఘి' అంటాం. ఆయన ప్రాగ్‌లో పుట్టిన ఆస్ట్రియన్. ఆ మధ్య అక్షరాన్ని చాపలో చ లాగా అని, చివర వట్టి 'గి' అంటే సరిపోతుంది. 1885లో నేల లోపలి ఒత్తిళ్ల లెక్క కట్టిన ఫ్రెంచాయన్ని నేను పదిహేనేళ్లు పిల్లలకి 'బౌజినెస్క్' అనే చెప్పాను. ఒక టీ బ్రేక్‌లో ఒక ఫ్రెంచి అతిథి నా మాటకి జవాబిస్తూ మెల్లగా 'బుసినెస్క్' అన్నాడు. దిద్దలేదు, ఊరికే అన్నాడు. అప్పటి నుంచి నేనూ అదే అంటున్నాను.

కార్డు ఇలా రాయాలి: ఒక మనిషికి ఒక కార్డు. పైన తెలుగులో పెద్ద అక్షరాలతో పేరు, మధ్యలో విరుపు గీతలు, ఒత్తి పలకాల్సిన చోట కింద గీత. కింద చిన్నగా దేశం, సంస్థ. పెన్సిల్‌తోనే రాయాలి, ఎందుకంటే ఆ రాత్రి దాన్ని దిద్దబోతున్నారు. పెన్నుతో రాసిన కార్డు నా చేతికిస్తే చింపేస్తాను.

ముందురోజు రాత్రి హోటల్లో భోజనాల దగ్గర ఒక్కొక్కరి దగ్గరకీ వెళ్లండి. మీరు పలికి "సరేనా?" అని అడగకండి. మర్యాదకి అందరూ సరే అంటారు. వాళ్లనే పలకమనండి, వినండి, తర్వాత మీరు అనండి. నేల ఎంత గట్టిదో తేల్చే పరీక్ష, ఎస్‌పీటీ, గుర్తుందిగా? 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతాం, మొదటి 15 సెంటీమీటర్లు దిగడానికి పడ్డ దెబ్బల్ని లెక్కలోకి తీసుకోం. ఇక్కడా అంతే. మొదటిసారి పలికింది లెక్కలోకి రాదు. రెండోసారి, మూడోసారి ఎలా వచ్చిందో చూసుకుని కార్డు దిద్దుకోండి. రాని పేరుని గది అద్దం ముందు పదిసార్లు అనుకోండి. మరునాడు పొద్దున్న హాల్లో మళ్లీ అడగొద్దు, అప్పటికి టెన్షన్‌లో విన్నది చెవికెక్కదు.

ఈ పని ఎవరికీ అప్పగించకండి. స్వాగతం చెప్పబోయే మనిషే స్వయంగా వెళ్లాలి. బోర్ లాగ్ (తవ్వి చూసిన నేల పొరల చిట్టా) ఒకరు చదివి, పునాది డిజైన్ ఇంకొకరు నోటిమాట మీద చేస్తే ఏమవుతుందో ఈ సభకి వచ్చేవాళ్లకి చెప్పక్కర్లేదు.

దీపం

అతిథులకి చెప్పులు, బూట్లు విప్పాలని ముందే చెప్పండి, వేదిక మీద వంగి లేసులతో కుస్తీ పట్టించకండి. వత్తులు ముందే నూనెలో నాని ఉండాలి, కొసలకి కాస్త కర్పూరం అద్దాలి. దీపం వెలిగించే అయిదు నిమిషాలూ ఏసీ గాలి ఎటు కొడుతోందో చూసుకోండి.

స్వాగతోపన్యాసం

నాలుగు నిమిషాలు. అయిదు కూడా కాదు. 'సిటీ ఆఫ్ డెస్టినీ' అనే మాట వాడకండి, ప్రతి హోటల్ బ్రోచర్‌లోనూ ఉంది. పునాదుల మీద బతికే మనుషులకి ఈ ఊరి నేల సంగతి చెప్పండి, కుర్చీల్లో ముందుకి జరుగుతారు. కొండలేమో ఖోండలైట్ అనే రాయి. హార్బరు వైపు ఒకప్పటి ఉప్పుటేటి బురద, మెత్తటి మెరైన్ క్లే. తీరం పొడవునా ఇసక. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు. ఒక్క పూట కారులో తిరిగితే ఇన్ని రకాల నేల కాళ్ల కింద మారుతుంది.

నేను ప్రతిసారీ చెప్పే కథ ఒకటుంది. 1933లో ఓడరేవు తెరిచే రోజుల్లో దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసక ముఖద్వారాన్ని పూడ్చేస్తుందని భయం. జేనస్, వెలెడ్‌సన్ అనే రెండు పాత ఓడల్ని డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర ముంచేసి, వాటినే బ్రేక్‌వాటర్‌కి (అలల్ని ఆపే అడ్డుకట్టకి) ఆధారం చేసుకున్నారు. ఓడల్ని పునాదిగా వాడిన ఊరికి వచ్చారని చెప్పండి. ఆ తర్వాత కార్డులు తీసి పేర్లు చదవండి. ముందు పేర్లు, తర్వాత కథ అనే వరస కొందరు పాటిస్తారు. నాకు నచ్చదు. కథ విని మొహాలు విచ్చుకున్నాక తన పేరు వినిపిస్తే ఆ మనిషి నవ్వే తీరు వేరు.

వేదిక మీద పెద్దల్ని 'గౌరవనీయులైన' అంటూ ఒక్కొక్కరినీ మూడుసార్లు తలచుకోకండి. ఒకసారి చాలు.

కానుక, ఫీల్డ్ విజిట్

గాజు పెట్టెలో మెమెంటో ఇస్తే హోటల్ గదిలో వదిలేసి వెళ్తారు. ఏటికొప్పాక లక్క బొమ్మ ఇవ్వండి. బరువుండదు, పగలదు, జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే ముద్ర) కూడా ఉంది. మాడుగుల హల్వా ఇస్తే ఇంకా మంచిదే.

ఎర్రమట్టి దిబ్బలకి తీసుకెళ్తే బస్సులోనే చెప్పండి: ఇది రక్షిత ప్రదేశం, మట్టి తీయకూడదు. చెప్పినా, దిగీ దిగగానే ఎవరో ఒకరు వంగి చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి చూస్తారు. అది వాళ్ల అలవాటు, ఆపలేరు. జేబులో వేసుకోకుండా మాత్రం చూసుకోండి.

కార్డులు పారేయకండి. మూడో రోజు సాయంత్రం వందన సమర్పణ చేసేది వేరే మనిషి, ఆయనకి ఆ పేర్లు ఒక్కటీ రావు. టీ అవ్వగానే పట్టుకెళ్లి ఆయన చేతిలో పెట్టి, ఙ ఎలా పలకాలో పక్కన నిలబడి చెప్పండి.