క్లాసులో తల దించుకుని కూర్చునే పిల్లల కోసం

బెంగళూరులో కె.ఆర్.పురం దగ్గర ఒక ప్రైవేటు బడిలో నాలుగో తరగతికి లెక్కలు చెప్తాను. మాది మదనపల్లె. ఇక్కడికొచ్చి పదకొండేళ్ళయింది. నా క్లాసులో ముప్పై ఎనిమిది మంది పిల్లలుంటే సగం మంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు. అనంతపురం, కదిరి, కర్నూలు వైపు నుంచి బేల్దారి పనికో, వడ్రంగానికో, అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ పనికో వచ్చిన ఇళ్ళు. కొత్తగా చేరిన టీచర్లు నన్ను అడుగుతుంటారు, ఈ పిల్లలు ఎందుకు నోరు విప్పరని. వాళ్ళకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

మొదట అటెండెన్స్ రిజిస్టర్ తీయండి. మన తెలుగు పిల్లల పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. ఇక్కడి వాళ్ళకు అది తెలియదు, మొదటి మాటే పేరనుకుని పిలిచేస్తారు. కర్నూలు, అనంతపురం పిల్లలు చాలామందికి ఇంటిపేరు చోట కులం పేరు రాసి ఉంటుంది. రోజూ పొద్దున్నే ముప్పై ఏడు మంది ముందు కులం పేరుతో పిలిపించుకునే పిల్లవాడు ఆ తర్వాత చెయ్యెత్తి జవాబు చెప్తాడా? చేరిన మొదటి రోజే ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, "ఇంట్లో నిన్ను ఏమని పిలుస్తారు? ఇక్కడ ఏమని పిలవాలి?" అని అడగండి. రిజిస్టర్‌లో పెన్సిల్‌తో రాసుకోండి. దీనికి ఒక పీరియడ్ పడుతుంది. సిలబస్ ఎంత వెనకబడినా సరే, నేను ఆ పీరియడ్ వదులుకోను.

పరీక్ష పేపర్లు మార్కుల వరుసలో పంచకండి. నేను నాలుగేళ్ళు అలాగే పంచాను, ఎక్కువ మార్కుల నుంచి తక్కువ మార్కులకు. ఒక పాప తన పేరు వచ్చేదాకా బెంచీ అంచు గోటితో గీకుతూ ఉండేది. ఆ చెక్క మీద గీతలు పడ్డాయి. అవి చూశాకే నాకు అర్థమైంది. ఆ నాలుగేళ్ళ పిల్లలకు నేను క్షమాపణ బాకీ ఉన్నాను. ఇప్పుడు పేపర్లు మడిచి ఎవరి బెంచీ మీద వాళ్ళకు పెడతాను. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. మార్కులు గట్టిగా చదవడం కూడా వేధింపేనని నా అభిప్రాయం.

ఇక పొగడ్త. "నువ్వు చాలా తెలివైనవాడివి" అనడం మానుకోండి. 1998లో క్లాడియా ముల్లర్, కెరల్ డ్వెక్ అనే అమెరికా మనస్తత్వ పరిశోధకులు ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాలు ప్రచురించారు. తెలివైనవాళ్ళని అనిపించుకున్న పిల్లలు ఎక్కువమంది ఆ తర్వాత తప్పకుండా బాగా చేయగల ప్రశ్నల వైపు మొగ్గారు. బాగా కష్టపడ్డారని అనిపించుకున్నవాళ్ళు ఎక్కువమంది కొత్తవి నేర్పే ప్రశ్నలు కావాలన్నారు. తెలివైనవాడన్న పేరు పోతుందన్న భయం అలాంటిది. నోట్‌బుక్‌లో "గుడ్" రాసే బదులు ఏది బాగా చేశాడో రాయండి: "402లోంచి 178 తీసేటప్పుడు సున్నాను దాటి అప్పు సరిగ్గా తెచ్చావు." రోజుకు ముప్పై ఎనిమిది పుస్తకాల్లో ఇలా రాయలేం. నేను రోజుకు ఐదు రాస్తాను, వంతుల వారీగా.

కన్నడం విషయం. కర్ణాటకలో 2015 నాటి చట్టం వల్ల బడిలో కన్నడం తప్పనిసరి. ఆంధ్రాలో రెండో తరగతి దాకా చదివి వచ్చిన పిల్ల ఇక్కడ కన్నడం పుస్తకం చూసి బిక్కచచ్చిపోతుంది. తెలుగు, కన్నడ అక్షరాలను పక్కపక్కన బోర్డు మీద రాసి చూపించండి. గ, జ, ద, న, బ, ల, వ దాదాపు ఒకటే. మన తలకట్టు టిక్కులా ఉంటే వాళ్ళది అడ్డగీతలా ఉంటుంది. క, త, శ లాంటి కొన్ని మాత్రమే విడిగా నేర్చుకోవాలి. "నీకు సగం ముందే వచ్చు" అని ఊరికే అంటే పిల్ల నమ్మదు. బోర్డు మీద కనిపిస్తే నమ్ముతుంది.

ప్రశ్న అడిగాక ఆగండి. టీచర్లు సగటున సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతారని అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల్లో గమనించి చెప్పింది. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయి, మామూలుగా మాట్లాడని పిల్లలూ మాట్లాడతారు. నేను మనసులో ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టుకుంటాను. ఆ మౌనం భరించడం మొదట్లో కష్టమే.

భిన్నాలు చెప్పేటప్పుడు జరిగింది చెప్తాను. మా క్లాసులో ఒక పిల్లవాడు, చిన్నా అందాం. వాళ్ళ నాన్న వడ్రంగి, వైట్‌ఫీల్డ్ ఫ్లాట్లలో వార్డ్‌రోబ్ పని. నేను బోర్డు మీద రొట్టె గీసి 4/8, 1/2 ఒకటేనని చెప్తున్నాను. వీడు తల ఎత్తడం లేదు. పక్కవాడితో మాత్రం తెలుగులో గొణిగాడు, "నాలుగు నూళ్ళంటే అర ఇంచి కదరా" అని. మన వడ్రంగులు ఇంచిలో ఎనిమిదో వంతును నూలు అంటారు. అంటే నేను చెప్పబోయేది వాడికి ఎప్పుడో వచ్చు.

మరుసటి రోజు వాళ్ళ నాన్న టేపు తెమ్మన్నాను. టేపు చూపించే పని చిన్నాకే ఇచ్చి, ఆరుగురేసి పిల్లల్ని వాడి బల్ల దగ్గరికి పంపాను. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. "పొట్టి గీతలు వదిలేయండి, పొడుగువి లెక్కపెట్టండి" అంటున్నాడు చిన్నా. ఒక పాప అడిగింది, మరి ఆ పొట్టి గీత ఏంటని. "అర నూలు." "అంటే ఇంచిలో ఎంత?" వాడు ఆగిపోయాడు. నా నాలుక చివర జవాబు ఉంది. ఐదు దాకా లెక్కపెట్టాను, పది దాకా పెట్టాను. వాడు టేపు ముక్కు దగ్గరికి తెచ్చుకుని ఒక్కో గీతా వేలితో దాటాడు. "పదహారో వంతు" అన్నాడు. ఆ పాప వెంటనే వంగి మళ్ళీ లెక్కపెట్టి సరిచూసుకుంది.

మీ క్లాసులోనూ అడగండి, ఇంట్లో ఎవరు ఏం కొలుస్తారని. ఇది పనిగట్టుకుని చేయాల్సిన పని, ఎందుకంటే పిల్లలు తమంతట తాము చెప్పరు. అమ్మానాన్నల పని గురించి బడిలో చెప్పకూడదేమో అనుకుంటారు. మా దగ్గర ఒక టైలరు కూతురు గజం గురించి చెప్పింది. కె.ఆర్.పురం మార్కెట్లో పూలమ్మే ఆవిడ కూతురు లేచి మూర చూపించింది, మోచేతి నుంచి వేలి కొస దాకా. వెంటనే చిన్నా లేచాడు. "ఎవరి చెయ్యి మేడమ్? అమ్మేవాళ్ళదా, కొనేవాళ్ళదా?" మిగతా పీరియడ్ అంతా దాని మీదే గడిచింది.