టైప్‌స్క్రిప్ట్ పాఠం 3: ముందు ఆ ఎనీలు పీకేయండి

పోయిన పాఠంలో స్ట్రిక్ట్, అంటే టైపుల్ని గట్టిగా తనిఖీ చేయించే సెట్టింగ్, ఆన్ చేయమన్నాను. చేశారు, ఫైలంతా ఎర్ర గీతలు వచ్చాయి, టెన్షన్ పడిపోయి కనబడిన చోటల్లా టైపు దగ్గర ఎనీ అని రాసేశారు. గీతలు పోయాయి, నిజమే, వాటితో పాటు చెకింగ్ కూడా పోయింది. ఎనీ అంటే దీని జోలికి రావద్దని కంపైలర్‌కి, అంటే మన కోడ్‌ని తనిఖీ చేసి జావాస్క్రిప్ట్‌గా మార్చే దానికి, చెప్పడం. పైగా అది ఒకచోట ఆగదు, ఎనీలోంచి తీసిన ఫీల్డ్ కూడా ఎనీయే, దాన్ని ఇంకో వేరియబుల్‌లో పెడితే అదీ ఎనీయే. అందుకని ఈసారి చెబుదామనుకున్న జెనరిక్స్ వచ్చే పాఠానికి.

స్ట్రింగ్ (అంటే టెక్స్ట్), నంబర్, బూలియన్ (నిజమా కాదా) టైపులు మీకు వచ్చు, వదిలేస్తున్నా. లోకల్ వేరియబుల్స్‌కి టైపు రాయకండి, విలువ చూసి కంపైలరే కనుక్కుంటుంది. నేనైతే ఫంక్షన్ పారామీటర్లకీ రిటర్న్‌కీ మాత్రమే రాస్తాను.

ఇక నాకు ఒళ్ళు మండే సంగతి, ఆస్, అంటే దీన్ని ఫలానా టైపుగా అనుకో అని కంపైలర్‌కి చెప్పే మాట. షాపు పేజీ కోసం సర్వర్ నుంచి డేటా ఫెచ్ చేసి, అందులోంచి జేసన్ (డేటాని టెక్స్ట్‌గా పంపే పద్ధతి) తీసి, ఆస్ ప్రొడక్ట్ అని రాస్తారు. ప్రొడక్ట్ అనే మన టైపులో ధర నంబర్ అని రాశాం కదా, ఇక నంబరే వస్తుందని ధీమా. ఎవరు చెప్పారు? కంపైల్ అయ్యాక టైపులన్నీ చెరిగిపోతాయి, బ్రౌజర్‌కి వెళ్ళేది వట్టి జావాస్క్రిప్ట్. సర్వర్ ధరని కొటేషన్లలో పెట్టి "250" అని పంపిందనుకోండి, దానికి డెలివరీ 40 కలిపితే 290 రాదు, 25040 వస్తుంది, ఎడిటర్‌లో ఒక్క ఎర్ర గీతా ఉండదు. ఆస్ దేన్నీ మార్చదు, దేన్నీ పరీక్షించదు. పెళ్ళిళ్ళ పేరయ్య చెప్పిన జీతం లాంటిది అది, విచారించుకోవాల్సింది మనమే. ఫారంలో నంబర్ ఇన్‌పుట్ పెట్టినా దాని వాల్యూ స్ట్రింగే. బ్రౌజర్‌లో దాచుకునే లోకల్ స్టోరేజ్‌లోది జేసన్ పార్స్ చేస్తే చేతికొచ్చేది ఎనీ. యూఆర్‌ఎల్‌లో పేజీ నంబరు? అదీ స్ట్రింగే.

బయటి నుంచి వచ్చే ప్రతిదాన్నీ అన్‌నోన్ అనే టైపుగా తీసుకోండి. ఈ టైపు 2018లో టైప్‌స్క్రిప్ట్ 3.0తో వచ్చింది. ఎనీలాగే దేన్నైనా పట్టుకుంటుంది, కానీ విలువ ఏ రకమో చెప్పే టైపాఫ్ లాంటి వాటితో అదేమిటో తేల్చేదాకా వాడనివ్వదు.

అభ్యాసం: అన్‌నోన్ తీసుకుని ప్రొడక్ట్ తిరిగిచ్చే ఫంక్షన్ రాయండి, సరిపడకపోతే ఎర్రర్ విసరాలి. ప్రొడక్ట్‌లో ఉండాల్సినవి పేరు, ధర, స్ట్రింగుల అర్రేగా (జాబితాగా) ట్యాగ్‌లు. ఎనీ వద్దు, ఆస్ వద్దు. నల్‌కి (ఏమీ లేదని చెప్పే విలువకి) కూడా టైపాఫ్ ఆబ్జెక్ట్ అనే చెబుతుంది, చూసుకోండి. మీ టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ 4.9 కన్నా పాతదైతే ముందు మార్చుకోండి, లేకపోతే ఫీల్డ్ ఉందో లేదో ఇన్ అనే ఆపరేటర్‌తో చూసినా దానికి ఎక్కదు. ట్యాగ్‌లు అర్రేనే అని ఈజ్‌అర్రే అనే ఫంక్షన్‌తో తేల్చాక లోపలివి దొడ్డిదారిన మళ్ళీ ఎనీ అయి కూర్చుంటాయి, ఒక్కొక్కటీ స్ట్రింగో కాదో మీరే చూడాలి.