విశాఖ నుంచి విన్నిపెగ్‌కు: చలిదేశానికి చదువుకు వెళ్లేవారికి కొన్ని సూచనలు

విశాఖపట్నం వాళ్లకు చలి అనగానే గుర్తుకు వచ్చేది లంబసింగి. డిసెంబరులో తెల్లవారకముందే చేరుకొని, మంచులో ఫొటోలు దిగి, వేడి టీ తాగి, మధ్యాహ్నానికి నర్సీపట్నం వచ్చేసరికి స్వెట్టరు విప్పేస్తాము. కెనడాలోని విన్నిపెగ్ వంటి నగరానికి చదువుకు వెళ్లేవారికి ఈ అనుభవం ఏమాత్రం పనికిరాదు. అక్కడ జనవరి సగటు ఉష్ణోగ్రతే సున్నాకు సుమారు 16 డిగ్రీలు దిగువన ఉంటుంది. నవంబరులో మొదలైన మంచు మార్చి దాటినా పూర్తిగా కరగదు. రెండు శీతకాలాలు అక్కడ గడిపి వచ్చిన నన్ను, ప్రయాణానికి ముందు ఎంవీపీ కాలనీలోని మా వీధి పిల్లలు అడిగే ప్రశ్నలకు నేను చెప్పే జవాబులివి.

మొదటి ప్రశ్న ఎప్పుడూ కోటు గురించే. పెద్ద కోటు ఇక్కడ కొనకండి. జగదాంబ జంక్షన్‌లో దొరికే లావుపాటి జాకెట్లు అరకు యాత్రకు సరిపోతాయి గాని, ప్రయాణపు పెట్టెలో సగం చోటు తినేసి, అక్కడి గాలికి మాత్రం నిలవవు. జనవరిలో దిగేవారు విమానాశ్రయం నుంచి గది దాకా చేరడానికి ఏదో ఒకటి వేసుకొని వెళ్లి, గాలి చొరబడనిది, తుంటి కిందికి దిగేది, తలను కప్పే టోపీ ఉన్నది అక్కడే ఎంచుకోవడం మంచిది. ఇక్కడి నుంచి తీసుకువెళ్లవలసినవి రెండు జతల థర్మల్ లోదుస్తులు, అదనపు కళ్లజోడు, ప్రెషర్ కుక్కర్, పోపుల డబ్బా. పంటి నొప్పి ఏదైనా ఉంటే బయలుదేరేముందే చూపించుకోండి. అక్కడ దంతవైద్యం ఖరీదు తెలిశాక నొప్పి రెట్టింపవుతుంది.

కోటు కన్నా ముఖ్యమైనది దాని లోపల వేసుకునేది. ఒంటిని అంటిపెట్టుకొని థర్మల్, దానిమీద ఉన్ని లేదా ఫ్లీసు, ఆపైన కోటు వేసుకోవాలి. పొరల మధ్య నిలిచిన గాలే వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. మనకు ఎంతో ఇష్టమైన నూలు బట్ట చెమటను పీల్చుకొని తడిగా ఉండిపోతుంది కాబట్టి అక్కడ ఒంటికి తగిలే పొరగా అది పనికిరాదు. నేను వెళ్లిన మొదటి నవంబరులో రెండు జతల నూలు మేజోళ్లు ఒకదానిపై ఒకటి తొడిగి, బిగుతైన బూట్లలో పాదాలు దూర్చి బస్సు కోసం నిలబడ్డాను. పావుగంటకు కాలివేళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. బిగుతువల్ల గాలికి చోటు లేక, రక్తం సరిగ్గా ఆడక జరిగిన పని అది. ఒక్క జత ఉన్ని మేజోళ్లు, వేళ్లు కదిలేంత వదులైన బూట్లు ఉంటే చాలు. చేతులకు వేళ్లు విడివిడిగా ఉండే తొడుగుల కన్నా, నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే మిటెన్లు వెచ్చగా ఉంటాయి.

వాతావరణ సూచనలో ఉష్ణోగ్రతతోపాటు ‘విండ్ చిల్’ అని మరొక అంకె చూపిస్తారు. దీన్ని అర్థం చేసుకోవడం విశాఖవాసులకు కష్టం కాదు. మే నెలలో థర్మామీటరు 34 చూపిస్తున్నా, చెమట ఆరనివ్వని ఉక్కపోత వల్ల మనకు అంతకన్నా ఎక్కువ వేడి అనిపిస్తుంది కదా! అక్కడ గాలి ఒంటి చుట్టూ ఉన్న వెచ్చని పొరను ఎగరగొట్టేయడంతో చలి అసలు కన్నా ఎక్కువగా అనిపిస్తుంది; ఆ అనిపించే చలిని చెప్పేదే విండ్ చిల్. ఆ అంకె సున్నాకు 28 దిగువకు చేరితే, కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాలలో గడ్డకట్టవచ్చు. ముక్కుగాని చెవిగాని తెల్లబడి స్పర్శ పోతే, రుద్దకుండా, హీటరుకు ఆనించకుండా లోపలికి వెళ్లి, అరచేతి వేడితోనో గోరువెచ్చని నీటితోనో నెమ్మదిగా కాచుకోవాలి. స్పర్శ తిరిగి రాకపోతే వైద్యుని దగ్గరకు వెళ్లాలి. బస్సు సమయం ఫోనులో చూసుకొని ఆఖరి నిమిషంలో బయటకు రావడం సోమరితనమేమీ కాదు. విన్నిపెగ్‌లోని మానిటోబా విశ్వవిద్యాలయంలో భవనాలను కలిపే సొరంగాలున్నాయి. మొదటి వారంలోనే వాటి దారులు నేర్చుకోండి.

కాలిబాట నల్లగా, తడిసినట్టు మెరుస్తుంటే అది నీరు కాదు, పలుచని మంచుగడ్డ అనుకోండి. తెన్నేటి పార్కు దిగువన పాకుడు పట్టిన బండల మీద ఎలా నడుస్తామో అలాగే, పాదం మొత్తం ఆనిస్తూ, చిన్న అడుగులు వేస్తూ, చేతులు జేబులో పెట్టుకోకుండా నడవాలి.

ఇంటి లోపల చలి ఉండదు గాని గాలి విపరీతంగా పొడిబారి ఉంటుంది. సముద్రపు తేమలో పెరిగిన మన చర్మానికి ఇదే అసలు పరీక్ష. పెదవులు పగులుతాయి, కొందరికి ముక్కు నుంచి రక్తం వస్తుంది. స్నానం చేసిన వెంటనే, ఒళ్లు పూర్తిగా ఆరకముందే నూనె గాని క్రీము గాని రాసుకోండి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది కనుక, గది మనకు వెచ్చగానే అనిపించినా సీసాలో తెల్లని రాయిలా కూర్చుంటుంది. వెడల్పు మూత డబ్బాలో పోసుకుంటే గరిటెతో గీకి తీసుకోవచ్చు. లేదంటే నువ్వుల నూనె వాడుకోండి.

ఇడ్లీపిండి అక్కడి వంటింట్లో రాత్రంతా ఉంచినా పులియదు. ఆవెన్‌ను వెలిగించకుండా, లోపలి దీపం మాత్రం వేసి అందులో గిన్నె పెడితే ఉదయానికి పొంగుతుంది. దీపం ఎల్‌ఈడీ అయితే ఆ వేడి రాదు. తలుపు మీద ‘లోపల పిండి ఉంది’ అని కాగితం అంటించడం మరవకండి. మా గదిలోని మిత్రుడొకడు చూసుకోక ఆవెన్ వెలిగించినరోజు ప్లాస్టిక్ మూతతో సహా పిండి అంతా పోయింది. పోపు పెట్టేముందు పొయ్యిమీది ఫ్యాను వేయండి. ఎండుమిరపకాయల ఘాటు పొగకు అలారం మోగిందంటే ఇరుగుపొరుగంతా లేస్తారు.

డిసెంబరులో పగలు ఎనిమిది గంటలే ఉంటుంది. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. కారణం లేకుండా నిద్ర, దిగులు ముంచుకొస్తే దాచుకోకండి. మధ్యాహ్నం పూట కాసేపు వెలుతురులో నడవండి, డి విటమిన్ గురించి వైద్యుని అడగండి, ఇంటికి ఫోను చేయడానికి ఒక వేళ పెట్టుకోండి. శీతకాలంలో మనకూ విన్నిపెగ్‌కూ పదకొండున్నర గంటల తేడా. అక్కడ ఉదయం ఎనిమిదిన్నర అయినప్పుడు ఇక్కడ రాత్రి ఎనిమిది, అమ్మ అన్నం వడ్డించే వేళ. మార్చి రెండో ఆదివారం వాళ్లు గడియారం ముందుకు జరిపాక తేడా పదిన్నర గంటలవుతుంది.

మొదటి మంచు కురిసినరోజు వీడియో కాల్‌లో ఇంటివారికి చూపించాలని అందరికీ ఉంటుంది. ఆ పని కిటికీ దగ్గర నిలబడి చేయండి. బయట చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది, ఫోను పట్టుకోవడానికి మిటెన్ విప్పాలి, తలమీద టోపీ ఏదని అమ్మ అడగక మానదు.